మార్కుల మెమో నా దగ్గర దాచుకున్న కుర్రాడికి ఏమి చేయగలను?

టిఫిన్ లక్ష్మి:
బెంగళూరు మెజెస్టిక్ దగ్గర, గుబ్బి తోటదప్ప రోడ్డు పక్క సందులో నాకు చిన్న టిఫిన్ కొట్టు ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఒక కుర్రాడు పడుకుని ఉంటాడు, చెప్పులు తల కింద పెట్టుకుని. కాళ్లకు ఉంటే నిద్రలో లాక్కుపోతారట. ఖాళీ సీసాలు ఏరి పాత సామాన్ల కొట్టులో అమ్ముకుంటాడు. మాట ఆదోని వైపుది. ఇంటి సంగతి ఎత్తితే మాత్రం మూగనోము పడతాడు.

వయసు అడిగితే ఒకరోజు పదహారు, పోలీసు కనపడిన రోజు పంతొమ్మిది. ఇడ్లీ ఊరికే ఇస్తే ముట్టడు, రెండు బిందెల నీళ్లు పట్టి తెచ్చాకే తింటాడు. పోయిన వారం ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, "అక్కా, ఇది నీ దగ్గర ఉంచు" అన్నాడు. నా ముందే లెక్కపెట్టిన 340 రూపాయలు, నాలుగు మడతలు పెట్టిన పదో తరగతి మార్కుల మెమో. మెమో నేను విప్పలేదు, అతను విప్పమనలేదు.

ఇంటికి తీసుకెళ్దామంటే మా ఆయన ఒప్పుకోరు. ఉన్నది ఒకటే గది, ఆయన తప్పూ లేదు. పోలీసులకు చెబితే మళ్లీ ఈ మెట్లెక్కడని నా భయం. తెలిసినవారు చెప్పండి.

శేషగిరి:
డబ్బు మాత్రం చేతికి ఇవ్వకండి. మత్తెక్కించే సొల్యూషన్ కొని గుడ్డ మీద పోసుకుని పీలుస్తారు. రోజూ చూస్తున్నాను.

పాత ప్లాట్‌ఫాం:
శేషగిరి గారూ, నేనూ పీల్చాను. పన్నెండేళ్లప్పుడు గుంతకల్లు నుంచి టికెట్టు లేకుండా వచ్చి ఈ స్టేషన్‌లోనే నాలుగేళ్లు గడిపాను. అది పీలిస్తే ఆకలీ చలీ తెలియవు, సరదా తర్వాతి మాట. ఇప్పుడు యశవంతపురలో ఏసీలు బాగుచేస్తున్నాను.

అక్కా, వీధిలో అన్నం ఎలాగో దొరుకుతుంది, దాచుకునే చోటు దొరకదు. నా డబ్బు ఒక పండ్ల బండి పెద్దాయన దాచేవాడు. ఏనాడూ రూపాయి తేడా రాలేదు. వీధి పిల్లలకు ఆసరా ఇచ్చే బాస్కో సంస్థ వాళ్లు పిలిస్తే ఆరు నెలలు తప్పించుకు తిరిగాను. చివరికి వెళ్లింది ఆ పెద్దాయన వెంట నడిచి వచ్చాడనే. "ఇంటికి ఎందుకు పోవు" అని మాత్రం అడగకండి. మా నాన్న బెల్టు సంగతి నేను ఎవరికైనా చెప్పడానికి మూడేళ్లు పట్టింది.

సుజాత, వకీలు:
లక్ష్మి గారూ, ఆ మెమోయే ముఖ్యం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వయసుకు బడి ధ్రువపత్రాన్నీ పదో తరగతి పత్రాన్నీ ముందుగా చూస్తుంది. ఏ పత్రమూ లేకపోతేనే ఎముకల పరీక్ష. పద్దెనిమిది నిండకముందే బాలల గృహంలో చేరితే, బయటికి వచ్చాక 21 ఏళ్ల వరకు చదువుకో పనికో ఆసరా పొందే వీలుంది. ఆ పుట్టినరోజు మీ మెట్ల మీదే గడిచిపోతే ఆ దారి మూసుకుపోతుంది.

పిల్లల సహాయ నంబరు 1098కి రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. వాళ్లు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. కమిటీ కుర్రాడి మాట వినాలి, దెబ్బలు తిన్న ఇంటికే పంపి తీరాలని లేదు. ఈ మాట అతనికి ముందే చెప్పండి. చెప్పకుండా ఫోను చేయకండి.

టిఫిన్ లక్ష్మి:
మూడు రోజులు ఆలోచించి అడిగాను. కవరు తానే విప్పాడు. ఫిబ్రవరికి పద్దెనిమిది నిండుతాయి. లెక్కల్లో తొంభై ఒకటి! అది చూపించడానికే విప్పాడేమో, వేలు అక్కడే పెట్టాడు.

1098 సంగతి చెబితే చాలాసేపు బిందె అంచు గోకుతూ కూర్చున్నాడు. తర్వాత "నువ్వూ వస్తావా?" అన్నాడు. గురువారం మధ్యాహ్నం కొట్టు మూస్తున్నాను. సాంబారు మిగిలితే మా ఆయనే చూసుకుంటారు.