సమస్యాపూరణం: కుండ పగిలినపుడె నిండె నిల్లు

ఇచ్చిన పాదానికి మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

కుండ పగిలినపుడె నిండె నిల్లు

కుండ పగలడం మన ఇళ్లలో శుభం కాదు. అయినా ఇల్లు నిండిందని చెప్పాలి. మన బృందంలో విశాఖ సభ్యులు ఎక్కువ, అందరూ కలం పేర్లతో రాశారు. కుండను చిల్లర దాచే డిబ్బీగా తీసుకుని, ఆ చిల్లరను నోట్లుగానో సరుకులుగానో మార్చుకునే పద్ధతి పద్యంలో కనబడేలా పూరించమని కోరాం. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) గురించి ఒక మాట. ‘కుం’కూ ‘నిం’కూ అక్షరమైత్రి లేదు. ‘కుండ–నిండె’ అని ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరం కలవడం) వేశాం, ఆటవెలదికి అది చెల్లుతుంది.

పూరణ 1 – మట్టిడిబ్బి (కంచరపాలెం)

పైస పైస వేసి పదినెలలకు నిండు
మట్టిడిబ్బి పగులఁగొట్టి పరచి
నూరు నూరు గాను నోట్లుగా మార్చంగ
కుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: ధార బాగుంది. రెండో పాదంలో ‘మట్టి–గొట్టి’ ప్రాసయతి చక్కగా అమరింది. ‘నూరు నూరు గాను’ అనడం ఊరికే పాదం నింపడానికి వేసిన మాట కాదు. బ్యాంకుకు చిల్లర ఇచ్చే పద్ధతే అది: ఒక్కో విలువకు వందేసి బిళ్లలు, ఒక్కో పాలిథిన్ సంచిలో. రూపాయి సంచి వంద, రెండు రూపాయల సంచి రెండు వందలు, ఐదు రూపాయలది ఐదు వందలు, పదిది వెయ్యి. లెక్క నోటితోనే తేలిపోతుంది.

గల్లాపెట్టె (పూర్ణా మార్కెట్): పద్యం బాగుంది గానీ ‘పైస పైస’ దగ్గర అభ్యంతరం ఉందండి. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. మిగిలిన పైస బిళ్ల 50 ఒక్కటే. పైసా పైసా దాచిన డిబ్బీ పగలగొడితే ఈ రోజుల్లో ఇల్లు నిండదు, చెల్లని అల్యూమినియం బిళ్లలే నిండుతాయి.

మట్టిడిబ్బి: నిజమే. మొదటి పాదం ఇలా మారుస్తున్నాను.

దినము దినము వేసి దీపావళికి నిండు

నిర్వాహకులు: ‘ది–దీ’ యతి కుదిరింది, అర్థమూ కుదిరింది. ఇంకో మాట కూడా చేర్చాలి. మట్టి డిబ్బీని నేల మీద పెట్టి కొట్టకూడదు. పాత దుప్పటి నాలుగు మడతలు వేసి అందులో చుట్టి, చీలిక ఉన్న వైపు కాకుండా పొట్ట మీద చిన్న సుత్తితో తట్టాలి. చీలిక దగ్గర కొడితే సన్నని పెంకులు బిళ్లల మధ్యకు దూరతాయి. ఆ పెంకులే తర్వాత పాలిథిన్ సంచిని చీరేస్తాయి, లెక్కపెట్టేవాళ్ల వేళ్లు కోస్తాయి. అన్నీ జల్లెడలో పోసి ఒకసారి ఆడిస్తే మట్టి కిందికి పోతుంది.

పూరణ 2 – తూనికరాయి (గాజువాక)

కొలత యొకటె, బరువు కూడ నొకటె యైన
నచ్చుఁ జూచి యేర నదియె మేలు
తప్పు లేక లెక్క యొప్పి చేతికి రాఁగఁ
గుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: ఈ వారం వచ్చిన వాటిలో విషయం బాగా తెలిసి రాసిన పద్యం ఇది. మొదటి పాదం దేని గురించో తెలియనివాళ్లకు విప్పి చెప్పండి.

తూనికరాయి: 1992 నుంచి చాలా ఏళ్లు వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన రెండు రూపాయల బిళ్ల కూడా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. రెండూ స్టీలే. దొంతర పెడితే అంచులు కలిసిపోతాయి, తక్కెడ కూడా తేడా చెప్పదు, అయస్కాంతానికి రెండూ అంటుకుంటాయి. అందుకే ‘అచ్చుఁ జూచి యేర’ అన్నాను. రూపాయల సంచిలో ఆరు రెండ్లు పడితే ఆరు రూపాయలు మనకు పోయినట్టే. రెండ్ల సంచిలో ఆరు రూపాయలు పడితే లెక్క ఆరు తగ్గుతుంది. ఒక సంచిలో తేడా కనబడితే క్యాషియరు మిగతా సంచులన్నీ విప్పిస్తారు.

మట్టిడిబ్బి: మరి తూకం వేసి ఇవ్వచ్చంటారు కదా?

తూనికరాయి: వేయచ్చు, కానీ రకాలు విడదీశాకే. స్టీలు రూపాయి ఒక్కటే మూడు బరువుల్లో ఉంది: పాతది 4.85 గ్రాములు, 2011 నాటిది 3.79, 2019 నుంచి వచ్చేది 3.09. వంద బిళ్లలు వరుసగా 485, 379, 309 గ్రాములు. పాతవి యాభై, 2011వి యాభై కలిపి తూస్తే 432 గ్రాములు వస్తుంది. దాన్ని 3.79తో భాగిస్తే 114 అని తేలుతుంది. ఉన్నవి వందే! తప్పు తక్కెడది కాదు, కలగలుపుది. కాబట్టి ముందు సైజుల వారీగా కుప్పలు, ఆ తర్వాత ప్రతి కుప్పలో అంకె చూసి ఏరడం, ఆ తర్వాతే తూకం. తూకం కూడా సంచి సంచికి సరిచూసుకోవడానికే. ఒక సంచి చేత్తో లెక్కపెట్టి తూచి, మిగతావి దానితో పోల్చాలి. ఒక బిళ్ల బరువంత తేడా వస్తే బిళ్ల ఎక్కువో తక్కువో ఉన్నట్టు.

అచ్చుతప్పు (అక్కయ్యపాలెం): చేతులతో రెండు, ఒకటి చూపించే బొమ్మల బిళ్లలు కూడా ఉంటాయి. బొటనవేలు ఎత్తినది రూపాయి, రెండు వేళ్లది రెండు రూపాయలు. వాటి దగ్గర తికమక తక్కువ. 50 పైసల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. 2011 నాటి చిన్న అర్ధ రూపాయి 19 మిల్లీమీటర్లు. ఖడ్గమృగం బొమ్మ ఉన్న పాత పావలా కూడా అంతే. చిన్నగా ఉంది కదా అని రెండూ కలిపి పక్కన పడేస్తారు. పావలా చెల్లదు, అర్ధ రూపాయి చెల్లుతుంది. అంకె చదవాలి.

నిర్వాహకులు: భాష గురించి ఒక సూచన. ‘యైన / నచ్చుఁ జూచి’లో ‘ఐనన్ + అచ్చు’ అని సంధి చేశారు, సరే. వచన పాఠకుడు ‘నచ్చు’ అని చదువుకునే ప్రమాదం ఉంది కాబట్టి ‘యైన, / అచ్చుఁ జూచి’ అని విసంధిగా రాసినా పాదాది కనుక తప్పు లేదు. యతి కూడా ‘అ’ మీదే నిలుస్తోంది.

పూరణ 3 – అచ్చుతప్పు (అక్కయ్యపాలెం)

పది రూపాయి బిళ్ళ పనికి రాదనుమాట
గీత లెన్ని యున్నఁ గీడు లేదు
పదియు నాల్గు తీర్లు బ్యాంకు గైకొను గాన
కుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: మొదటి గణంలోనే తడబాటు. ‘పదిరూ’ అంటే రెండు లఘువులు, ఒక గురువు: సగణం. అక్కడ సూర్యగణం ఉండాలి, న (మూడు లఘువులు) గాని హ (గురువు, లఘువు) గాని. పైగా మొదటి పాదానికీ రెండో పాదానికీ అన్వయం తెగింది. ‘పనికి రాదనుమాట’ ఏమైందో చెప్పలేదు.

అచ్చుతప్పు: ఒప్పుకుంటున్నాను. సవరణ:

పదుల బిళ్ళ చెల్లు, భయము వీడుము నీవు

నిర్వాహకులు: ‘ప–భ’ యతి, ‘భయము వీ’ నగము, ‘డుము నీవు’ సలము, రెండూ అక్కడ ఉండాల్సిన ఇంద్రగణాలే. ఇప్పుడు నిర్దోషం. రెండో పాదంలో ‘గీత’ ఈ పద్యానికి ప్రాణం.

గల్లాపెట్టె: ఆ గీతల గొడవ మా మార్కెట్లో ఇంకా పూర్తిగా పోలేదండి. పది రూపాయల బిళ్ల మీద పది గీతలుంటే మంచిది, పదిహేను ఉంటే దొంగది అని ఒక పుకారు. రూపాయి గుర్తు ఉన్నదే చెల్లుతుందని ఇంకో పుకారు. రెండూ తప్పే. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. 14440 నంబరుకు ఫోన్ చేస్తే ఆ విషయమే చెప్పే ఏర్పాటు కూడా చేసింది. కొట్టులో కాదంటే వాదన పెంచుకోకుండా ఆ బిళ్లలన్నీ విడిగా ఒక సంచిలో కట్టి బ్యాంకులో జమ చేసేయడం సుఖం. వంద బిళ్లలకు వెయ్యి రూపాయలు, బరువు ముప్పావు కిలో పైచిలుకు, అంతే.

పూరణ 4 – ఉప్పుగాలి (పెదవాల్తేరు)

ఉప్పుగాలి సోకి తుప్పు పట్టిన వానిఁ
సబ్బునీటఁ గడిగి చక్కఁ దుడిచి
ఆమ్ల మంటనీక యార్చి యెండను బోయఁ
గుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: మొదటి పాదం మన తీరానిదే. ‘ఉప్పు–తుప్పు’ ప్రాసయతి సహజంగా పడింది. రెండు లోపాలు చెప్పాలి. ‘వానిఁ’ తర్వాత ‘సబ్బు’ ఉంది కాబట్టి అక్కడ అరసున్న కంటే ‘వాని’ అని వదిలేయడమే మేలు. రెండోది పెద్దది. మూడు పాదాలూ కడగడం, ఆరబెట్టడం దగ్గరే ఆగిపోయాయి. ఎండబెడితే ఇల్లెలా నిండింది? సమస్య పాదం పైపాదాల నుంచి పుట్టాలి, అతికించినట్టు ఉండకూడదు.

ఉప్పుగాలి: మూడో పాదం మారిస్తే సరిపోతుందా?

ఆమ్ల మంటనీక యంగడి కీయంగఁ

నిర్వాహకులు: సరిపోయింది. అంగడికి ఇస్తే సరుకు వస్తుంది, సరుకుతో ఇల్లు నిండుతుంది. యతి ‘ఆ–యం’ కూడా బాగుంది.

తూనికరాయి: ‘ఆమ్ల మంటనీక’ అన్నందుకు మెచ్చుకోవాలి. చింతపండు పులుసులోనో నిమ్మరసంలోనో నానబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ల ఎక్కువసేపు నానితే పైనున్న జింకు కరిగి ఎర్రని రాగి చాయ తేలుతుంది. అప్పుడు చూసినవాళ్లు దొంగ బిళ్లేమో అని అనుమానిస్తారు. ఇసుకతో, ఆకురాయితో రుద్దితే ఇంకా నష్టం. అచ్చు చెరిగినా, బరువు తగ్గినా చట్టం దాన్ని చెల్లుబాటు నాణెంగా చూడదు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పాత బ్రష్షు చాలు. ముఖ్యమైంది ఆరబెట్టడం. తడి బిళ్లలు పాలిథిన్‌లో కట్టి బీరువాలో పెడితే మన గాలికి వారం తిరక్కుండానే మళ్లీ మచ్చలు వస్తాయి. గుడ్డ మీద ఒక్క వరుసగా పరిచి, ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచాలి.

పూరణ 5 – గల్లాపెట్టె (పూర్ణా మార్కెట్)

చిల్లరంత కొట్టుఁ జేర్చి వేయికి లోపు
బాకి యెల్లఁ దీర్చి బరువు దిగఁగఁ
బప్పు నూనె బియ్య మొప్పుగాఁ దెచ్చిరి
కుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: ఇల్లు నిండడం ఇక్కడ కళ్లకు కడుతోంది. ‘బరువు దిగఁగ’లో శ్లేష కూడా ఉంది: సంచి బరువూ దిగింది, అప్పు బరువూ దిగింది. ‘బాకీ’ని ‘బాకి’ చేయడం వ్యవహారంలో ఉన్నదే, అడ్డు చెప్పను.

మట్టిడిబ్బి: ‘వేయికి లోపు’ ఎందుకండి?

గల్లాపెట్టె: 2011 నాణేల చట్టంలో ఉంది. రూపాయి, అంతకు పైబడిన బిళ్లలతో ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే ఎదుటివాడు తీసుకోవాలి. అర్ధ రూపాయలతో అయితే పది రూపాయల వరకే. అంతకు మించితే తీసుకోవడం, మానడం కొట్టువాడి ఇష్టం. అందుకే ఒకే కొట్టులో మూడు వేల చిల్లర కుమ్మరించకుండా మూడు దఫాలుగా ఇస్తే ఇద్దరికీ మర్యాద. చిల్లర ఎప్పుడు కావాలో కూడా చూసుకోవాలి. మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దారిలో పూలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్లకు రూపాయలు, రెండ్లు బాగా కావాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్లకు ఐదులు, పదులు. ముందు రోజు సాయంత్రం అడిగి తీసుకెళ్తే నోటుకు నోటు ఇచ్చేస్తారు. కమీషన్ అడిగేవాళ్లకు ఇవ్వనక్కర్లేదు.

పూరణ 6 – కౌంటరు (ద్వారకానగర్)

బ్యాంకు కేగునాడు పదిగంటలకు గాక
రద్ది తగ్గువేళ రయముగాను
నూరు చొప్పు కట్టి నోట్లుగాఁ గొనితేరఁ
గుండ పగిలినపుడె నిండె నిల్లు

నిర్వాహకులు: గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మాటలే సవరించాలి. ‘రద్దీ’ని కుదిస్తే ‘రద్ది’ పాత కాగితాల అర్థం ఇస్తోంది. ‘నూరు చొప్పున’లో ‘న’ పోతే తెలుగు కుంటుపడుతుంది. గుంపు తగ్గాక వెళ్లమంటూనే ‘రయముగాను’ అనడం కూడా పొసగదు.

కౌంటరు: ఇలా అయితే?

గుంపు తగ్గువేళఁ గుదురుగాను
నూరు నూరు కట్టి నోట్లుగాఁ గొనితేరఁ

నిర్వాహకులు: ఇప్పుడు హాయిగా ఉంది.

కౌంటరు: పద్యంలో పట్టని సంగతులు నాలుగు రాస్తాను. ఖాతాదారు జమచేసే చిల్లరకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకు చెబుతోంది. చట్టంలోని వెయ్యి రూపాయల హద్దు బ్యాంకు జమకు అడ్డు కాదు. సొంత ఖాతా ఉన్న శాఖకే వెళ్లండి, ముందు రోజు ఒక మాట చెప్పండి. జమ చీటీలో నాణేల గడి ఉంటుంది, విలువల వారీగా అక్కడ రాయాలి. ప్రతి సంచిలో విలువ, సంఖ్య రాసిన చిన్న కాగితం వేయండి. సంచి మూతి స్టేపుల్ చేయకండి, రబ్బరు బ్యాండ్ చాలు, విప్పి చూడడానికి వీలుంటుంది. వందకు తక్కువైన చిల్లర మిగిలితే విడిగా ఇవ్వండి, సంచుల్లో కలపకండి. నాణేలు లెక్కించడానికి రుసుము తీసుకునే బ్యాంకులు ఉన్నాయి కాబట్టి చీటీ రాసే ముందే అడగాలి. చిల్లర తీసుకోవడానికి బ్యాంకు పూర్తిగా కాదంటే మేనేజరుకు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్లచ్చు. అక్కడి నంబరు 14448.

ఉప్పుగాలి: అర్ధ రూపాయలు కూడా తీసుకుంటారా?

కౌంటరు: తీసుకోవాలి. చెల్లే నాణెమే కదండి. వంద బిళ్లలకు యాభై రూపాయలు.

నిర్వాహకులు: ఈ వారం తూనికరాయి గారి పద్యం మొదట నిలిచింది, గల్లాపెట్టె గారిది దాని పక్కన. అర్ధ రూపాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదిలోనే, నాలుగో పాదం:

చెల్లనట్టి పైస చెల్లె నేడు