క్యాన్సర్ రోగుల ఆత్మగౌరవాన్ని, మానసిక శ్రేయస్సును ఏ ప్రశ్నావళితో కొలవాలి?

ప్రశ్న:
కీమోథెరపీ తీసుకుంటున్నవారు తమను తాము ఎలా అంచనా వేసుకుంటున్నారు, దానికీ వారి మానసిక శ్రేయస్సుకూ సంబంధం ఎంత అన్నది నా పరిశోధనాంశం. 1965 నాటి రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ మాపనిని, కుంగుబాటును కొలిచే ఒక సాధారణ ప్రశ్నావళిని చికిత్సకు ముందొకసారి, ముగిశాక మరొకసారి ఇవ్వాలనుకుంటున్నాను. ఇవి సరిపోతాయా?

సమాధానం 1:
రోజెన్‌బర్గ్ మాపనిలో పది వాక్యాలే ఉంటాయి కనుక నీరసంగా ఉన్నవారు కూడా పూర్తి చేయగలరు. వాటిలో ఐదు ప్రతికూల వాక్యాలు; వాటి స్కోరును తిరగవేయడం (ఎక్కువను తక్కువగా, తక్కువను ఎక్కువగా లెక్కించడం) మరవకండి. చిక్కంతా రెండవదానితోనే. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, అలసట కుంగుబాటు లక్షణాలే అయినా కీమో మందుల వల్ల కూడా వస్తాయి కాబట్టి, వాటిని కూడితే నిబ్బరంగా ఉన్న రోగి సైతం కాగితం మీద కుంగిపోయినట్టు కనిపిస్తాడు. ఈ ఇబ్బందిని తగ్గించడానికే జిగ్మండ్, స్నైత్ 1983లో రూపొందించిన ‘హాడ్స్’ (ఆసుపత్రి ఆందోళన, కుంగుబాటు మాపని)లో ఆందోళనకు 7, కుంగుబాటుకు 7 ప్రశ్నలుంచి, శారీరక లక్షణాలను చాలావరకు పక్కన పెట్టారు. అందులోనూ ‘నా పనుల వేగం మందగించినట్టుంది’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. దానికి వచ్చే జవాబులను విడిగా పరిశీలించండి.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. కుంగుబాటు లేనంత మాత్రాన శ్రేయస్సు ఉన్నట్టు కాదు గనుక, దాన్ని నేరుగా అడగాలి. గత రెండు వారాల గురించి ఐదే వాక్యాలతో అడిగే ‘డబ్ల్యూహెచ్ఓ-5’ (ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రేయస్సు ప్రశ్నావళి) రోగికి భారం కాదు. 25కు వచ్చిన మొత్తాన్ని 4తో గుణిస్తే నూటికి స్కోరు వస్తుంది. మనస్తత్వవేత్త కెరోల్ రిఫ్ 1989లో ప్రతిపాదించిన ఆరు అంశాల మానసిక శ్రేయస్సు మాపని ఇంకా లోతైనదే కానీ, వాటిలో ‘స్వీయాంగీకారం’ ఒకటి. అది ఆత్మగౌరవానికి మరీ దగ్గరిది కాబట్టి, ఆ రెండింటి మధ్య బలమైన సంబంధం కనబడితే అందులో వింతేమీ లేదు, కొంతవరకు ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగినట్టే.

ప్రశ్న అడిగినవారు:
అయితే హాడ్స్, డబ్ల్యూహెచ్ఓ-5 తీసుకుంటాను. ముందు, తరువాత స్కోర్లను నేరుగా పోల్చవచ్చా?

సమాధానం 3:
పోల్చవచ్చు, కానీ జాగ్రత్తగా. తీవ్రమైన జబ్బు మనిషి లోపలి తూకపురాళ్లనే మార్చేస్తుంది: ఒకప్పుడు ఉద్యోగాన్ని బట్టి తన విలువ కట్టుకున్నవారు, తరువాత ఎవరి సాయమూ లేకుండా స్నానం చేయగలగడాన్ని బట్టి కట్టుకోవచ్చు. స్కోరు మారకపోయినా లోపల చాలా మారి ఉండవచ్చు. అందుకే రెండవసారి ‘ఇప్పుడు ఆలోచిస్తే, చికిత్సకు ముందు మీరెలా ఉండేవారు?’ అని అదే ప్రశ్నావళితో మళ్లీ అడిగే పద్ధతి ఒకటుంది. అయితే ఆ జవాబులో జ్ఞాపకం చేసే మార్పులూ కలుస్తాయి కనుక, దాన్ని మొదటి స్కోరుకు బదులుగా కాకుండా దాని పక్కన ఉంచి చూడండి.