మసక వెలుతురులో పన్నెండు బోరు తుపాకికి ఎలాంటి సైటు మేలు?

పలమనేరు రైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర, కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పల్లె. నాన్నగారి నుంచి నా పేరుకు మారిన లైసెన్సు మీద పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. శనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో అడవి పందులు చీకటి పడుతూనే చేలోకి దిగి, తెల్లారేసరికి మడికి మడి పెళ్లగించి పోతున్నాయి. వాటి విషయమై అటవీ శాఖ అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నాను. అది చేతికి వచ్చేదాకా తుపాకి పొలం గట్టు ఎక్కదు. ఆలోగా దానిని సరిచేయించుకోవాలని నా ఉద్దేశం.

గురి చూసుకునే సైటుగా మూతి దగ్గర ఉన్న ఇత్తడి పూస పొద్దు వాలాక నాకు ఏమాత్రం కనబడటం లేదు. వయసు యాభై దాటింది, రెండు చూపుల కళ్లద్దాలు వాడుతున్నాను. డీలరు దగ్గర ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ఫైబర్ సైట్లు ఉన్నాయి. చీకట్లో తనంతట తానే వెలిగే ట్రిటియం సైటు తెప్పించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. వీటిలో ఏది ఎంచుకోవాలి? మా ఎర్రమట్టి దుమ్ముకూ కార్తీక మాసపు వానలకూ ఏది తట్టుకుంటుంది? దయచేసి అనుభవజ్ఞులు చెప్పగలరు.

తిరుపతి షూటర్:

అయ్యా, ఈ సైట్లన్నీ చూడటానికి ఒకే పని చేసేవిలా ఉన్నా, వెలుగు ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే వాటి దారులు వేరవుతాయి. ఫైబర్ సైటులో ఉండేది రంగు కలిపిన సన్నటి ప్లాస్టిక్ కడ్డీ మాత్రమే. అది తన పొడవునా పడిన వెలుతురును లోపలికి పట్టి కొనల దగ్గర బయటికి వదులుతుంది. అందువల్లనే ఇత్తడి పూస మాయమైన తరువాత కూడా అది కొంతసేపు చుక్కలా మెరుస్తూ ఉంటుంది. ఆకాశంలో వెలుతురు పూర్తిగా పోయాక మాత్రం దానిలోనూ ఏమీ మిగలదు. కనుక దానిని రాత్రి సైటు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి, అది సంధ్యవేళ సైటు.

ట్రిటియం సంగతి వేరు. చిన్న గాజు గొట్టంలో ఆ వాయువును నింపి, గొట్టం లోపలి గోడకు ఫాస్ఫర్ పూత పూస్తారు. వాయువు నుంచి వెలువడే బీటా కణాలు తగిలి ఆ పూత రాత్రింబవళ్లు వెలుగుతుంది. దానికి బ్యాటరీతో గాని ఎండతో గాని పని లేదు. అయితే ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 సంవత్సరాలు, అంటే పన్నెండేళ్లు దాటేసరికి వాయువు సగమే మిగులుతుంది. పూత కూడా కాలక్రమంలో బలహీనపడుతుంది కాబట్టి వెలుగు అంతకంటే ఎక్కువగానే తగ్గుతుంది. దుకాణంలో చాలాకాలం పడి ఉన్న సరుకు కొంటే మీరు కొనేది అరిగిపోయిన వెలుగునే, కాబట్టి తయారీ సంవత్సరం తప్పక చూడాలి. పైగా అది రేడియోధార్మిక పదార్థం. మన దేశంలో అటువంటివన్నీ అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలోకి వస్తాయి, కాబట్టి సరైన కాగితాలు లేకుండా విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మంచిది కాదు.

బ్యాటరీతో పనిచేస్తూ చిన్న అద్దంలో ఎర్ర చుక్కను చూపే రెడ్ డాట్ సైటు కూడా ఉంది గాని, పాత డబుల్ బ్యారెల్‌పై దానిని బిగించే చోటే ఉండదు. మీ తుపాకికి అది తగదని నా అభిప్రాయం.

నన్నడిగితే లోహపు చట్రంలో అమర్చిన ఆకుపచ్చ ఫైబర్ చాలు. ఫైబర్ సైటు కూడా కనబడనంత చీకటిలో, దీపం సాయం లేకుండా, ఎదుట ఉన్నది పందో కాదో కూడా కనబడదు. అటువంటి వేళ తుపాకి మూతి మీద చుక్క ఎంత చక్కగా వెలిగినా అది మనకు అక్కరకు రాదు, పైగా లేని ధైర్యం ఇస్తుంది. వెలిగే సైటు మన తుపాకి ఎటు చూస్తున్నదో చెబుతుందే గాని ఎదుట ఏముందో చెప్పదు.

చిత్తూరు కంటి పరీక్షకుడు:

తుపాకి గురించి నాకు తెలిసింది తక్కువ, కంటి గురించి రెండు మాటలు చెబుతాను. వెలుతురు బాగా ఉన్నప్పుడు మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చని ఆకుపచ్చను అన్నిటికంటే ప్రకాశంగా చూస్తుంది. చీకటి పడేకొద్దీ ఆ శిఖరం 507 నానోమీటర్ల వైపు, అంటే నీలాకుపచ్చ వైపు జరుగుతుంది. దీనిని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గుర్తించారు. పొద్దు వాలుతున్నప్పుడు తోటలోని ఎర్ర మందారం నల్లబడి కనిపించడానికీ, దాని ఆకులు ఇంకా కనబడుతూనే ఉండటానికీ కారణం ఇదే. ఈ కారణంగా ఎరుపు సైటు ముందు చల్లారిపోతుంది, ఆకుపచ్చ నిలుస్తుంది. అందుచేత ఆకుపచ్చనే తీసుకోండి.

రెండో మాట మీ కళ్లద్దాల గురించి. చెంపను తుపాకి చెక్కకు ఆనించినప్పుడు తల ముందుకు వాలి, చూపు అద్దం పైభాగం గుండా పోతుంది. అక్కడ ఉండేది దూరపు చూపు. కాబట్టి దూరాన ఉన్నది స్పష్టంగానూ పూస మసకగానూ కనిపించడం మీ వయసులో సహజం, దానికి కంగారు పడనక్కర లేదు. మసక చుక్క అసలు పరిమాణం కంటే పెద్దగా కనిపిస్తుంది కనుక చిన్న సైటే ఎంచుకోండి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, తెల్లటి టార్చి ఒక్కసారి కంట్లో పడితే ఆ అలవాటంతా పోతుంది. దీపాల చుట్టూ వలయాలు కనబడుతుంటే మాత్రం సైటు కొనే ముందు శుక్లాల పరీక్ష చేయించుకోండి, ఆ లోపాన్ని ఏ సైటూ పూరించలేదు.

విశ్రాంత అటవీ ఉద్యోగి:

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అనుమతి వచ్చేదాకా ఆగుతానన్న మీ మాట చదివి సంతోషం కలిగింది. వచ్చాక దానిలోని షరతులను, ముఖ్యంగా వేళకూ చోటుకూ సంబంధించిన వాటిని, అక్షరం పొల్లుపోకుండా చదవండి. మీది ఏనుగులు తిరిగే ప్రాంతం. చేలో చప్పుడు చేస్తున్నది గున్నతో ఉన్న ఆడ ఏనుగు కూడా కావచ్చు. దానిమీద గుండ్లు పడితే ఆ చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలు జంతువును గాయపరిచిన నేరం ఒక ఎత్తయితే, రెచ్చిన ఆ గుంపు ఆ రాత్రి పక్క పల్లెమీద పడటం మరొక ఎత్తు.

టార్చి లైటును బ్యారెల్‌కు కట్టే అలవాటు మన వైపు ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. అలా కడితే ఏముందో చూడాలన్న ప్రతిసారీ తుపాకినే అటు తిప్పవలసి వస్తుంది, అటు పక్క చేనుకు కాపలా ఉన్న మనిషి ఉండవచ్చు. పందిగా భ్రమపడి మనిషిని కాల్చిన వార్తలు మనకు కొత్త కావు. గుర్తుపట్టే దీపం తలకో, పక్కనున్న మనిషి చేతిలోనో ఉండాలి.

పలమనేరు రైతు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆకుపచ్చ ఫైబర్‌నే తీసుకుంటాను. పాత పూసను నేనే విప్పి కొత్తది బిగించుకోవచ్చునా, లేక రిబ్బు మీద, అంటే నాళాల పైన పొడవునా ఉండే లోహపు పట్టీ మీద, పట్టుకునే రకం మేలా? ఇత్తడి పూసను చింతపండుతో తోమి చూడమని ఇంట్లో అంటున్నారు, అది సరేనా?

తిరుపతి షూటర్:

మొదట చింతపండు గురించి చెబుతాను, ఎందుకంటే దానివల్ల నష్టం ఉంది. దానిలోని ఆమ్లం ఇత్తడిని మెరిపిస్తుంది గాని, పక్కనే ఉన్న బ్యారెల్‌కు తగిలితే ఆ నల్లటి పూతను తినేస్తుంది, పూత పోయిన చోట మొదటి వానకే తుప్పు పడుతుంది. పూసను ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి దానిని తోమే పని లేదు.

పూసను మీరు విప్పవద్దు. మర సైజు తయారీదారును బట్టి మారుతుంది. సరిపోని మరను బలవంతంగా తిప్పితే రంధ్రం పాడవుతుంది. రిబ్బు లేని ఒంటి బ్యారెల్ తుపాకుల్లో అయితే మర కొంచెం పొడవైనా లోపలి నాళంలోకి పొడుచుకు వస్తుంది, అది ప్రమాదం. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చేత చేయించి, కాల్పుల అదురుకు వదులు కాకుండా మధ్యరకం మర జిగురు ఒక బొట్టు వేయమనండి. ఎర్రది, అంటే శాశ్వతంగా పట్టేది, వద్దు; రేపు ఫైబర్ విరిగితే దానిని విప్పాలి కదా.

రిబ్బు మీద పట్టుకునే రకం సులువే. ముందుగా రిబ్బు వెడల్పు కొలిపించండి. దానిలో ఉన్న చిక్కు ఎత్తు. ముందు సైటు పైకి లేస్తే మనం దానిని లక్ష్యంపై నిలపడానికి మూతిని దించుతాము, కాబట్టి గుండ్లు కిందికి పోతాయి. కంటి నుంచి సైటుకు సుమారు 90 సెంటీమీటర్లు అనుకుంటే, 3 మిల్లీమీటర్ల ఎత్తు పెరిగినా 30 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుచేత ఏది బిగించినా, అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో పెద్ద అట్టమీద, మీరు వాడబోయే తూటాలతోనే కాల్చి, గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవాలి. దీనిని వాయిదా వేయకండి. నాకైతే పాత పూస ఎత్తులోనే ఉండే మర రకం మీద నమ్మకం ఎక్కువ.

సంరక్షణ పెద్ద పని కాదు, క్రమం తప్పకూడదు. ఫైబర్ కొనపై దుమ్ము పేరుకుంటే వెలుగు సగం అక్కడే ఆగిపోతుంది. సబ్బునీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రవం, నాళం కడిగే ఘాటైన ద్రావకాలు దానికి తగలనివ్వకండి, ప్లాస్టిక్ పొగబారి పగుళ్లిస్తుంది. బ్యారెల్ కడిగేటప్పుడు సైటుకు టేపు చుట్టండి. ఎండలో ఏళ్ల తరబడి ఉంటే ఫైబర్ పెళుసవుతుంది కాబట్టి అదే మందం కడ్డీ ఒకటి అదనంగా కొని ఉంచుకోండి. పాతది తీసి, కొత్తది దూర్చి, కొనకు మంట తగలకుండా కాస్త దూరంగా వేడి చూపిస్తే అది గొడుగులా విచ్చుకుని చట్రంలో నిలబడుతుంది. ఈ పని తుపాకి ఖాళీగా ఉందని రెండు నాళాలూ విప్పి చూసుకున్నాకే, తూటాలు వేరే గదిలో ఉంచి చేయండి. వానాకాలంలో తుపాకిని గుడ్డ సంచిలో కట్టి పెట్టవద్దు, సంచి తేమ పట్టుకుని సైటు మర దగ్గరే మొదట తుప్పు తెస్తుంది. పలుచగా నూనె రాసి, తాళం ఉన్న పెట్టెలో పొడిగా ఉంచండి.