జీళ్ళూ చిక్కీలూ: జాడీలో విడిగానా, ప్యాకెట్ కట్టా? (విశాఖ గాలికి ఏది నిలుస్తుంది)

ఎంవీపీ మిఠాయి:
పది అడుగుల ముఖం ఉన్న చిన్న కొట్టు. సముద్రం కిలోమీటరు లోపే, ఏసీ లేదు. సరుకు ఇదీ: నువ్వుల జీళ్ళు, పల్లీ చిక్కీ, నిమ్మ తొనలు, పిప్పరమెంటు బిళ్ళలు, కొబ్బరి లౌజు, వారానికి రెండుసార్లు మాడుగుల హల్వా. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒకరు అన్నీ గాజు జాడీల్లో పెట్టి తూచి అమ్మాలంటారు. రెండోవారు అన్నీ 100 గ్రాముల ప్యాకెట్లు కట్టి కొక్కేలకు వేలాడదీయాలంటారు. రెండు ఏర్పాట్లకూ సరిపడా డబ్బు లేదు. ఏది సరి? "మా తాతల కాలం నుంచీ ఇంతే" అనే జవాబులు వద్దండి, కారణం చెప్పండి.

జీళ్ళ జాడీ:
జాడీలే. మిఠాయి కొట్టుకి పైనున్న బోర్డు కన్నా జాడీల వరసే పెద్ద బోర్డు. పిల్లలు "అవి రెండు, ఇవి మూడు" అని ఏరుకుంటారు, వాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకి 100 గ్రాముల ప్యాకెట్టు రాదు కదా.
అలాగని పది లీటర్ల బానలు కొనకండి. రెండు లీటర్లవి చాలు. పట్టకారు దూరేంత వెడల్పు మూతి ఉండాలి, మూత లోపల సిలికాన్ రింగు ఉండాలి. రేకు మూతలు మన ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడతాయి, ఆ తుప్పు రాలేది మిఠాయి మీదే. జాడీకో పట్టకారు పెట్టండి. పిప్పరమెంటు తీసిన పట్టకారుతో లౌజు తీస్తే లౌజంతా పుదీనా కంపు.
అన్నిటికన్నా ముఖ్యం: పాత సరుకు మీద కొత్తది పొయ్యకూడదు. అడుగున ఉన్నది నెల తరబడి అడుగునే ఉండిపోతుంది. జాడీ పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, తుడిచి, ఎండలో బోర్లించాకే మళ్ళీ నింపాలి. లోపల చెమ్మ మిగిలితే పైకి కనిపించదు గానీ, మర్నాటికి అడుగు వరస జీళ్ళు ఒకటే ముద్ద.

సీలు గీత:
జాడీల అందం ఒప్పుకుంటాను గానీ లెక్క చూడండి గురూ. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. గాలిలో తేమ 75 శాతం ఉందనుకుంటే (మన ఊళ్ళో వానాకాలంలో అంతకన్నా ఎక్కువే) లీటరుకు 0.023 గ్రాములు. ఐదు లీటర్ల జాడీలో రెండు కిలోల జీళ్ళుంటే పైన మూడున్నర లీటర్ల గాలి మిగులుతుంది. మూత తీసి పట్టకారు పెట్టిన ప్రతిసారీ అందులో సగం మారుతుందనుకుందాం. రోజుకి 50 సార్లు తీస్తే రెండు గ్రాముల నీరు లోపలికి వెళ్ళినట్టు.
రెండు కిలోలకు రెండు గ్రాములంటే 0.1 శాతమే కదా అంటారు. కానీ ఆ నీరంతా పై వరస జీళ్ళ ఒంటి మీదే చేరుతుంది. జాడీ పావు వంతుకి వచ్చాక ఇంకా ఘోరం. గాలి నాలుగున్నర లీటర్లు దాటింది, సరుకు అర కిలోయే. రోజుకి అర శాతం చొప్పున నాలుగు రోజుల్లో రెండు శాతం నీరు. బెల్లం పాకానికి అది చాలు, సాగి కూర్చుంటుంది. సీలు వేసిన ప్యాకెట్టుకైతే మూత తీసేది ఒక్కసారే, అదీ కొన్నవాళ్ళింట్లో.

జీళ్ళ జాడీ:
మీ లెక్కలోనే దానికి మందు ఉంది. రెండు లీటర్ల జాడీలు అన్నది అందుకే. సరుకు తగ్గేకొద్దీ చిన్న జాడీలోకి మార్చాలి, అప్పుడు ఖాళీ గాలే ఉండదు. సగం ఖాళీగా ఉన్న జాడీని చూస్తే కొనేవాళ్ళకి పాత సరుకులా అనిపిస్తుంది, ఆ బాధా తీరుతుంది.
మూత అడుగున చిల్లుల డబ్బీలో 50 గ్రాముల సిలికా జెల్ బిగించండి. నీరసపడే లోపు ఏడెనిమిది గ్రాములు పీలుస్తుంది, అంటే మీరు చెప్పిన ఐదు లీటర్ల జాడీకే మూడు నాలుగు రోజులు. రెండు సెట్లు కొని మార్చుకుంటూ, తీసినదాన్ని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. నీలం రంగు గింజలు మాత్రం వద్దు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, తిండి దగ్గరకి రానివ్వకూడదు. జెల్ పొట్లాన్ని మిఠాయిలో పడేయడం అసలే వద్దు. పిల్లలు దాన్నీ బిళ్ళే అనుకుంటారు.

గాజువాక గరిటె:
ఏటి బాబూ, ఇద్దరూ డబ్బా దగ్గరే దెబ్బలాడుతున్నారు, పొయ్యి దగ్గరికి ఎవరూ రారేటి? లేత పాకంతో చేసిన జీళ్ళని ఇనప్పెట్టెలో పెట్టినా జిగటే.
పాకం చుక్క చన్నీళ్ళలో వేసి, తీసి, పళ్ళెం మీద వేస్తే ఠంగుమనాలి. కొరికితే విరగాలి గానీ పంటికి అంటుకోకూడదు. నీళ్ళలో ఉండ కట్టింది కదా అని దించేస్తే అది అరిసెల పాకం, జీళ్ళకి చాలదు. పిప్పరమెంటు బిళ్ళల పంచదార పాకమైతే 150 డిగ్రీల దాకా పోవాలి. థర్మామీటరు కొనుక్కోండి, దానికన్నా చవకైన బీమా లేదు.
రెండోది బెల్లం. అనకాపల్లి నుంచి వచ్చినదే అయినా నిలవ ఉండి చెమ్మగిల్లి నల్లబడిన దిమ్మ చిక్కీకి వద్దు. అందులో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయిన చక్కెర ఎక్కువ, అది గాలిలో నీటిని లాగుతుంది. పాకం గట్టిపడి గింజ కట్టకుండా నిమ్మరసం పిండేవాళ్ళు కూడా అదే పని చేస్తున్నారు, పులుపు తగిలితే పంచదార విడిపోతుంది. నాలుగు చుక్కలు ఎక్కువైతే చిక్కీ మెత్తబడుతుంది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా చిక్కీ బెల్లంలో పావు వంతు పంచదార కలపండి. రుచి కొంచెం తగ్గుతుంది, కాదనను.

సీలు గీత:
గరిటె గారి మాటకి తిరుగులేదు. కానీ ఠంగుమన్న పాకమే గాలికి ఎక్కువ ఆశపడుతుంది మాస్టారూ. ఎంత బాగా ఎండితే అంత దాహం. లేత పాకం పుట్టుకతోనే జిగట, ముదురు పాకం గాలి తగిలాక జిగట.

తూకం రాయి:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. విడిగా అమ్మితే ప్రతి జాడీ, ప్రతి పళ్ళెం ముందూ "ఏ తేదీలోగా తినాలి" అన్నది రాసి పెట్టాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతని చూసే కేంద్ర సంస్థ) 2020 అక్టోబరు 1 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. తయారీ తేదీ రాయడం మీ ఇష్టం.
ముందే ప్యాకెట్ కట్టి పెట్టారా, అది వేరే లోకం. కొన్నవాళ్ళ ఎదురుగా తూచి కవర్లో పోసివ్వడం ఒకటి, పొద్దున్నే కట్టి కొక్కేనికి వేలాడదీయడం ఒకటి. రెండోదానికి పేరు, దినుసులు (ఎక్కువ బరువున్నది ముందు), పచ్చ చుక్క, నికర బరువు, ఎంఆర్‌పీ, తేదీలు, బ్యాచ్, లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ఫిర్యాదుకి ఫోను నంబరు, అన్నీ కావాలి. పల్లీ, పాలు, గోధుమ ఉంటే అవి ఉన్నాయని విడిగా చెప్పాలి. మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారని తెలియనివాళ్ళు బోలెడు మంది.
స్టేప్లర్ పిన్ను కొట్టిన కవరు ప్యాకెట్టు కాదు, ప్రమాదం. పిన్ను ఊడి చిక్కీ ముక్కకి అంటుకుంటే కనపడదు.
ఇంకొకటి. అట్టపెట్టెతో కలిపి తూచడం నేరం. కిలో 400 రూపాయల సరుకులో 60 గ్రాముల పెట్టెని తూస్తే 24 రూపాయలు అట్టకి తీసుకున్నట్టే. ముందు ఖాళీ పెట్టె పెట్టి కాటా సున్నా చెయ్యాలి.

ఎంవీపీ మిఠాయి:
ప్లాస్టిక్ కవర్ల మీద నిషేధం ఉందిగా, ప్యాకెట్లు కడితే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) వాళ్ళు వస్తారంటున్నారు?

తూకం రాయి:
మన నగరంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని 2022 జూన్ 5 నుంచి ఆపారు, దేశమంతటా ఒక జాబితాలోని వాటిని జూలై 1 నుంచి. మిఠాయి కొట్లకి తగిలేవి ముఖ్యంగా రెండు: పుల్ల మిఠాయికి ప్లాస్టిక్ పుల్ల, మిఠాయి పెట్టె మీద చుట్టే పల్చటి ఫిల్ము. అట్టపెట్టెకి మెరుపు కాగితంలా చుట్టేదే ఆ ఫిల్ము. సరుకు నేరుగా పోసి సీలు వేసే కవరు ఆ జాబితాలో లేదు. చేతి సంచీ మందం 120 మైక్రాన్లకి తగ్గకూడదు. న్యూస్‌పేపర్లో పొట్లం కట్టడం కూడా ఎప్పుడో పోయింది, సిరాలోని సీసం తిండికి అంటుతుందని.

అడ్డాకు:
కవరెందుకండీ, మన్యం నుంచి అడ్డాకులు వస్తున్నాయిగా. దొప్ప కుట్టించి హల్వా అందులో ఇస్తే చూడ్డానికీ బాగుంటుంది, పారేసినా మట్టిలో కలుస్తుంది.

జీళ్ళ జాడీ:
హల్వాకి శుభ్రంగా చెయ్యండి. దానికి నెయ్యే కవచం, దొప్పలో తీసుకున్నది అదే రోజు తినేస్తారు. అయితే నెయ్యి దొప్ప కుట్లలోంచి కారుతుంది, అడుగున బటర్ పేపరు వెయ్యాలి. జీళ్ళకి మాత్రం ఆకు వద్దు. ఆకు ఎంత ఆరినా దానిలో చెమ్మ ఉంటుంది, జీళ్ళు దాన్నీ తాగేస్తాయి.

సీలు గీత:
ప్యాకెట్ అన్నాక అందరూ చేసే తప్పులు చెప్తాను, లేకపోతే నా పక్షం ఓడిపోతుంది.
కవరు: బజార్లో దొరికే మెత్తటి పాలిథిన్ తేమని బాగానే ఆపుతుంది గానీ వాసన ఆపదు. పిప్పరమెంటు పక్కన వేలాడే ప్యాకెట్లన్నీ పుదీనా వాసన పట్టుకుంటాయి. గలగలమనే పీపీ (పాలీప్రొపిలీన్) కవరు మేలు, లోపల వెండి పూత ఉన్నది ఇంకా మేలు. కాకపోతే లోపలి సరుకు కనపడదు, కొట్టుకి అదే నష్టం. పూత లేని సెల్లోఫేన్ కాగితం చూపుకి గాజులా ఉంటుంది, తేమ మాత్రం దర్జాగా నడిచి వస్తుంది.
సీలు: చేతి సీలరుతో వేస్తే గీత దగ్గర నువ్వు పప్పో, పంచదార పొడో, నెయ్యి తడో ఉంటే అక్కడ అతకదు. గరాటుతో పొయ్యండి, మూతి మీద రెండంగుళాలు ఖాళీ వదిలి పొడి గుడ్డతో తుడిచి అప్పుడు నొక్కండి. వేసిన ప్యాకెట్లలో పదికొకటి నీళ్ళలో ముంచి పిసకండి. బుడగ వచ్చిందా, ఆ వరసంతా మళ్ళీ వెయ్యాలి. వేడి ఎక్కువైతే గీత పక్కనే ఫిల్ము పల్చబడి చిరుగుతుంది, తక్కువైతే గోటితో లాగితే ఊడొస్తుంది.
వేళ: చిక్కీ బాగా వేడిగా ఉండగా కడితే కవరుకి అతుక్కుపోతుంది. బూందీ లడ్డు వేడిగా కడితే లోపల ఆవిరి పట్టి రెండు మూడు రోజుల్లో బూజు. పోనీ చల్లారనీ అని చిక్కీని రాత్రంతా పళ్ళెంలో వదిలేస్తే గాలి తినేస్తుంది. చెయ్యి వెనక్కి తిప్పి పెడితే గోరువెచ్చగా కూడా తెలియని క్షణం చూసి వెంటనే కట్టాలి.

గాజువాక గరిటె:
నిమ్మ తొనల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అవి జీళ్ళకి పూర్తిగా తిరగబడ్డ సరుకు. లోపల నీళ్ళున్న జెల్లీ, పైన పంచదార. తేమ గాలి తగిలితే పైన పంచదార కరుగుతుంది, గట్టిగా మూసేస్తే లోపలి నీరే పైకి ఊరి పంచదారని కరిగిస్తుంది. నింపే ముందు పళ్ళెంలో పరిచి పైన బాగా ఆరనివ్వాలి.
దసరా, దీపావళికి కలగలుపు పెట్టెలు కడతారు చూడండి, ఒకే అరలో జీడి, తొన, లౌజు. తొన నీరు ఇస్తుంది, జీడి పుచ్చుకుంటుంది. రెండో రోజుకి తొన ఎండి తోలు, జీడి సాగి బంక. అట్ట అరలు అడ్డు కాదు, గాలి వాటి పైనుంచి పోతుంది. ఒక్కొక్క జీడికీ విడిగా సీలు ఉండాలి, లేదా పెట్టెలోంచి జీడిని తీసెయ్యాలి.

జీళ్ళ జాడీ:
కాగితం మెలితిప్పి చుట్టి జాడీలో పోస్తేనో? అందమూ ఉంటుంది, అంటుకోదు.

సీలు గీత:
మెలితిప్పు తేమని ఆపదు మాస్టారూ, చివర్లు తెరిచే ఉంటాయి. ఒక జీడి ఇంకో జీడికి అంటకుండా మాత్రం ఆపుతుంది. అది చిన్న సంగతి కాదు. ముద్ద కాకుండా సాగితే కనీసం అమ్ముకోవచ్చు. మామూలు కాగితం అయితే జీడికే అంటుకుని ఊడిరాదు, మైనం కాగితమే వాడాలి.

ఎంవీపీ మిఠాయి:
ఇవన్నీ కాక ఒక ఏసీ పెట్టేస్తే?

తూకం రాయి:
పగలు ఏసీ, రాత్రి కట్ అయితే అసలు లేకపోవడమే నయం. మధ్యాహ్నం 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలిలో సుమారు 27 డిగ్రీలకి దిగిన ఏ వస్తువు మీదైనా మంచు పడుతుంది. మీ జాడీలు 24లో ఉంటాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ గాజు మీద ఆవిరి, మూత తీసి ఉంటే మిఠాయి మీదే. రాత్రి ఆపేశాక బయటి తేమంతా లోపలికి. ఫ్రిజ్‌లోంచి తీసిన కోవా, చాక్లెట్‌లకీ ఇదే సూత్రం. మూత విప్పకుండా గంట బయట ఉంచి అప్పుడు తియ్యాలి. ఏసీ డబ్బుతో మూతలున్న గాజు అరలు వస్తాయి. కొట్టు తూర్పు ముఖమైతే ఉదయం ఎండకి ఒక తెర కట్టండి, హల్వా నెయ్యి ఎండకి కంపు పుడుతుంది.

ఎంవీపీ మిఠాయి:
అయితే ఇలా అనుకుంటున్నాం: జీళ్ళు, చిక్కీ సీలు వేసిన ప్యాకెట్లలో, 50 గ్రాములవీ 100 గ్రాములవీ. పిప్పరమెంటు, తొనలు, లౌజు చిన్న జాడీల్లో. హల్వా మూత పళ్ళెంలో, తేదీ చీటీతో. చూపుకి జీళ్ళు ఒక్క జాడీలో మెలితిప్పి.

జీళ్ళ జాడీ:
ఆ ఒక్క జాడీలోది అమ్మకండి, చూపించడానికే ఉంచండి. లేదా రోజుకి అర కిలో మించి పొయ్యకండి, సాయంత్రానికి అయిపోవాలి. మిగతాది అంతా సరే గానీ, 50 గ్రాముల ప్యాకెట్టు మీద ఇన్ని వివరాల చీటీ అంటిస్తే లోపలి జీళ్ళు ఏం కనపడతాయి?

తూకం రాయి:
చీటీ వెనక వైపు అంటించండి, ముందు వైపు పేరు, పచ్చ చుక్క, నికర బరువు మాత్రం. కొక్కేనికి గుచ్చే చిల్లు సీలు గీతకి పైనే ఉండాలి, కింద పడితే అంతా దండగ.

గాజువాక గరిటె:
మార్గశిరం గురువారాలు బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర జనం ఎక్కువ, ఆ నాలుగు వారాలకి ప్యాకెట్లు ముందే కట్టి పెట్టుకోండి. గాలీ కొంచెం పొడిగా ఉంటుంది. శ్రావణంలో మాత్రం మూడు రోజుల సరుకుకి మించి పాకం పట్టకండి, ఎన్ని సీళ్ళు వేసినా సరే.

సీలు గీత:
శ్రావణంలో ఏడు రోజులు నిలుస్తుంది, నా పూచీ.

గాజువాక గరిటె:
మీ పూచీ కాదు, ప్యాకెట్టు మీద తేదీ ఎవరు రాస్తే వాళ్ళ పూచీ.