జనవరిలో రెండు రోజులు కమార్గ్: ఫ్లెమింగోల కోసం అంత దూరం పోవచ్చా?

అలిపిరి అక్క:

నమస్తే అండీ. మాది తిరుపతి. మా అమ్మాయి ఫ్రాన్సులో, మార్సేలో చదువుతోంది. సంక్రాంతి అయ్యాక నేనూ మావారూ అక్కడికి పోతున్నాం. ఆయనకి ఈఫిల్ టవర్ వద్దంట, ఫ్లెమింగోలుండే కమార్గ్ చిత్తడి నేలలు చూపిస్తే చాలంట. రిటైరైనప్పటి నుంచి ఏటా చలికాలం సూళ్లూరుపేటకి పోయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకొస్తారు. అదే ఆయనకి పండగ.

అమ్మాయికి సెలవు దొరికేది శని, ఆదివారాలే. కారు లేకుండా అవుతుందా? ఆయనకి మోకాళ్ల నొప్పి, కాసేపు నడిస్తే కాసేపు కూర్చోవాలి. అంత చలిలో పక్షులు అక్కడే ఉంటాయా, ఎటైనా పోతాయా? మేము శాకాహారులం, తిండి సంగతేంటి? ఇంకో మాట. మన దగ్గర కనిపించే పక్షినే చూడ్డానికి విమానమెక్కి పోవాలా అని నాకు లోపల ఉంది. ఆయన ముందు అనలేదు లెండి.

చిత్తూరు మామిడితోట:

అక్కా, పోయిన జనవరిలో నేనూ మా బామ్మర్దీ సరిగ్గా రెండు రోజులే పోయొచ్చాం. వాడూ మార్సేలోనే ఉంటాడు.

మీ చివరి డౌటు ముందు తీరుస్తా. పక్షి అదే. పులికాట్‌లో ఎక్కువగా కనిపించేదీ, అక్కడ ఉండేదీ ఒకటే పెద్ద ఫ్లెమింగో. తేడా అంతా దూరంలో ఉంది. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే మనకి చాలాసార్లు కనిపించేది నీళ్ల చివర ఒక గులాబీ గీత. అక్కడ మాత్రం మన వసారాకీ గేటుకీ ఉన్నంత దూరంలో చూశా. ముక్కు తలకిందులు చేసి నీళ్లలో పెట్టి, గొంతు టకటకా ఆడిస్తూ బురదనీళ్లు వడకట్టుకోవడం బైనాక్యులర్ లేకుండానే కనిపించింది.

రోన్ నది ఆర్ల్ ఊరి దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య ఉన్న డెల్టానే కమార్గ్. మొదటి రోజు ఇంకేమీ పెట్టుకోకుండా పోం ద గో పక్షుల పార్కుకి పోండి. సముద్రం ఒడ్డున ఉన్న సాంత్ మరీ ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా వస్తుంది. 1949 నుంచి ఉంది, 60 హెక్టార్లు. దారులన్నీ కలిపితే ఏడు కిలోమీటర్లని చదివి భయపడొద్దు. నేల చదును, మధ్యమధ్యలో కూర్చోవచ్చు, మొదటి మడుగులోనే ఫ్లెమింగోలు. సార్‌ని అక్కడ కూర్చోబెట్టి మీరు తిరిగి రావచ్చు.

చలికి కొన్ని స్పెయిన్‌కి, ట్యునీషియాకి పోతాయి గానీ వేలల్లో అక్కడే ఉండిపోతాయి. నీళ్లు గడ్డకడితేనే వాటికి ప్రమాదం. 1985 జనవరిలో అట్లానే గడ్డకట్టి వేలల్లో చనిపోయాయంట. మామూలు ఏడాది అయితే జనవరే అసలైన సీజన్, ఎందుకంటే అది వాటి డ్యాన్సుల కాలం. యాభై అరవై గుంపుగా చేరి, మెడలు నిటారుగా ఎత్తి, తలలు కుడికీ ఎడమకీ టపటపా తిప్పుతాయి. అట్లా తిప్పుతూనే అన్నీ ఒకటే అడుగు వేస్తూ ఒక వైపుకి నడుస్తాయి. ఉన్నట్టుండి ఒకటి రెక్కలు విప్పుతుంది, లోపల ఎరుపూ నలుపూ. వెంటనే పక్కది విప్పుతుంది. అరుపు మాత్రం బాతుల గోలే, సంగీతం ఏమీ ఆశించొద్దు.

ఇంకోటి, కాళ్లు చూడమనండి. 1977 నుంచి అక్కడ పిల్ల ఫ్లెమింగోల కాళ్లకి ప్లాస్టిక్ కడియాలు వేస్తున్నారు, వాటి మీద అక్షరాలుంటాయి. చదివి పంపితే ఆ పక్షి ఎప్పుడు పుట్టిందో, యాడ యాడ తిరిగిందో తెలుస్తుంది. నాకు ఒకటి దొరికింది. రెండు అక్షరాలు చదివానో లేదో, ఆ మహాతల్లి సరిగ్గా కడియం ఉన్న కాలే పైకి మడిచి, తల రెక్కలో దూర్చి నిద్రపోయింది. నలభై నిమిషాలు నిలబడ్డా. కాలు దించలేదు. మా వాడు ‘బావా, బస్సు’ అంటానే ఉన్నాడు.

బస్సు పోయింది. ఆర్ల్ నుంచి సాంత్ మరీకి పోయే బస్సు పార్కు దగ్గర ఆగుతుంది గానీ చలికాలం చాలా తక్కువ. మా వాడు ఫోనులో చూసింది వేసవి టైములు. స్టాపులో గంటా యాభై నిమిషాలు కూర్చున్నాం, పైన ఆ గాలి. అమ్మాయిని ఇప్పుడే శీతాకాలం టైములు చూసి పెట్టుకోమనండి, ముఖ్యంగా ఆదివారానివి.

గాలి అంటే మిస్ట్రాల్. ఉత్తరం నుంచి రోన్ లోయ పట్టుకుని దిగుతుంది. ఆకాశంలో మబ్బు ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తుంటుంది, మనిషి మాత్రం నిలబడలేడు. తిరుమల కొండమీద చలి అనుకుని స్వెట్టరుతో పోయి నేను అయిపోయా. గాలి చొరబడని జాకెట్, చెవులు మూసే టోపీ, గ్లౌజులు తప్పనిసరి. గాలి ఎక్కువుంటే పక్షులు కూడా రెల్లు చాటున నక్కుతాయి. శనివారం అట్లా ఉంటే పార్కు ఆదివారానికి మార్చుకోండి.

రెండో రోజు కారు అద్దెకి తీసుకున్నాం. స్టీరింగు ఎడమవైపు, నేను ముట్టుకోలేదు. వకారెస్ అనే పెద్ద ఉప్పునీటి మడుగు తూర్పు గట్టు వెంబడి పోతే లా కాపెలియేర్ అని రిజర్వు కేంద్రం వస్తుంది, అక్కడ చాటునుంచి చూసే చెక్క గూళ్లున్నాయి. పరజలూ సూదితోక బాతులూ లెక్కలేనన్ని. నల్లటి నీటికోడి ఒకటి ఉంటుంది, నుదుటి మీద తెల్లగా. తిరుపతి వాళ్లకి దాని పేరు వేరే చెప్పాలా, నామంకోడి అనుకున్నాం. గట్టు మీద పందికొక్కుకి పెద్దన్నలాంటిది కనిపిస్తే బెదరకండి, దాన్ని బొచ్చు కోసం ఎప్పుడో దక్షిణ అమెరికా నుంచి తెచ్చారు.

పొద్దు వాలే ముందు వరి కోసిన మళ్ల వైపు ఆగండి. అవును, అక్కడా వరే. క్రౌంచ పక్షులు పగలంతా ఆ కొయ్యకాళ్లలో గింజలేరుకుని, సాయంత్రం బారులు కట్టి పోతాయి. ముందు అరుపు వినిపిస్తుంది, చాలాసేపటికి గానీ పక్షి కనిపించదు. పొద్దు పొడిచేది ఎనిమిది దాటాక, కుంకేది ఐదున్నర ప్రాంతంలో. రోజు చిన్నది, చూసుకోండి.

తిండికి మాత్రం పులిహోర కట్టుకుపొండి. అక్కడి ఫేమస్ వంట ఎద్దు మాంసం కూర, పక్కన అన్నం. అన్నం చూసి మేము సంబరపడి ఆర్డరివ్వబోయాం.

సూళ్లూరుపేట కుర్రోడు:

అన్నా, గులాబీ గీత అని మా సరస్సుని తీసేయొద్దు. నీళ్లు తగ్గినప్పుడు పొద్దున్నే వస్తే రోడ్డు పక్కకే వస్తాయి. మీరు పదకొండుకి కారులో వచ్చి, హారన్ కొట్టి, సెల్ఫీ దిగి పోతారు. పైగా నేలపట్టులో చెట్ల నిండా గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లలకి మేపుతుంటాయి. అది ఫ్రాన్సులో చూపించు.

చిత్తూరు మామిడితోట:

తమ్ముడూ, గూడబాతుల విషయంలో ఒప్పుకుంటా, అది అక్కడ లేదు. హారన్ కొట్టింది నేను కాదు, నా వెనక బస్సు. కానీ అక్కడ జనం గుసగుసగా మాట్లాడతారు, దారి దాటి ఒక్క అడుగు పక్కకి వెయ్యరు. పక్షి అంత దగ్గరగా నిలబడేది అందుకే. మన దగ్గరా రోడ్డు పక్కన రెండు చాటుగూళ్లు కట్టి హారన్ ఆపితే, నేను విమానం ఎందుకెక్కుతా?

అలిపిరి అక్క:

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. మొత్తం ఆయనకి చదివి వినిపించా. నా మనసులో మాట కూడా చదివేశా, చూసుకోలేదు. ఏమీ అనలేదు, నవ్వి ఊరుకున్నారు. అమ్మాయి టైములు చూసింది, ఆదివారం బస్సుతో కుదిరేలా లేదు, ఆ రోజుకి కారు మాట్లాడుతోంది. జాకెట్లు అక్కడికి పోయాకే కొంటాం.

ఆయన ఒకటి అడగమంటున్నారు, నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నారు. కడియం ఏ కాలికి? ఆ రెండు అక్షరాలేంటి?

చిత్తూరు మామిడితోట:

ఎడమ కాలికి అక్కా. వి, ఎల్. తర్వాతవి సార్‌నే చూసి చెప్పమనండి.