మందుల చీటీ చూసి ఆలోచించడం ఎలా నేర్పాలి?

ప్రశ్న: మా ఫార్మసీ విద్యార్థులు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందని గడగడా అప్పజెప్పేస్తారు. అవి రెండూ ఉన్న చీటీ ఇస్తే మాత్రం చకచకా మందులు తీసి ఇచ్చేస్తారు. రోగితో "అర్థమైందా?" అని ఒక్క మాట, అంతే. ఏం చేయాలి?

జవాబు 1: ముందు ఆ "అర్థమైందా?" మాన్పించండి. దానికి ఎవరైనా తలూపేస్తారు. "ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో చెప్పండి" అని అడగమనండి. నేను మెథోట్రెక్సేట్‌తో చేయిస్తాను. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వాడాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రోగి వేషం నేనే వేసి, "రోజూ పొద్దున్నే కదా బాబూ" అంటాను. కొందరు "అవునండీ" అనేస్తారు!

జవాబు 2: ప్రాక్టీసుకిచ్చే వాటిలో తప్పుల్లేని చీటీలు కూడా కలపండి. లేకపోతే ప్రతిదాంట్లోనూ తప్పు వెతుకుతారు. డాక్టరుకు ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా ప్రాక్టీసు చేయించండి, అసలు టెన్షన్ అక్కడే.

ప్రశ్న అడిగినవారు: మరి మార్కులు?

జవాబు 1: జవాబుకు తక్కువ, కారణానికి ఎక్కువ.