ఆరో నెల, ఆరు కిలోలు: అన్నం తగ్గించాలా?

ఆరోనెల: అక్కలూ, నా ఎత్తు 155 సెం.మీ. కడుపు రాకముందు 58 కిలోలు. ఇప్పుడు 24వ వారం, 64 ఉన్నాను. మొన్న చెకప్‌లో డాక్టరుగారు "మొదట్లోనే ఓవర్‌వెయిట్ ఉన్నారు, చూసుకుని తినండి" అన్నారు. ఫోన్లో లెక్కేస్తే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) 24.1, నార్మల్ అని వస్తోంది. అత్తయ్యేమో "రెండు ప్రాణాలమ్మా, ఇద్దరి తిండి తినాలి" అంటూ కంచంలో ఇంకో గరిటె వేస్తారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గోదారిపిల్ల: మీ లెక్క తప్పు కాదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009 పట్టికలో 24.9 దాకా నార్మలే. తొమ్మిది నెలల్లో 11.5 నుంచి 16 కిలోలు పెరగొచ్చు. నన్నూ ఇలాగే భయపెడితే రాత్రుళ్లు కడుపు మాడ్చుకుని పడుకున్నాను. బాబు రెండున్నర కిలోలు కూడా లేడు. అది తిండి వల్లేనని ఎవరూ తేల్చలేదు కానీ, ఆ రాత్రుళ్లు మర్చిపోలేను.

కందిపప్పు: ఆ పట్టిక అమెరికా ఆడవాళ్లకు వేసిందండీ. అదే బీఎంఐలో మనకు కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ. అందుకే మన నిపుణులు 23 నుంచే ఓవర్‌వెయిట్ అంటారు. అలా చూస్తే, అదే పట్టికలో ఓవర్‌వెయిట్ వాళ్లకు రాసిన 7 నుంచి 11.5 కిలోలు మీకు చాలు. నాదీ మీ బరువే, ఏడో నెలలో షుగర్ బయటపడింది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తే 140 దాటింది. మీకు ఆ టెస్టు అయిందా? 24 నుంచి 28 వారాల మధ్య చేయించుకోవాలి.

గోదారిపిల్ల: 23 అన్నది షుగర్, గుండెజబ్బుల ముప్పు చూసి పెట్టిన గీత. కడుపుతో ఉన్నవాళ్లు ఎంత పెరగాలో కొలిచి పెట్టింది కాదు. దాన్ని తెచ్చి అమెరికా పట్టికకు అతికిస్తే ఎలా?

వార్డుడ్యూటీ: నేను నర్సుని. ఏ పట్టిక చూసినా ఇద్దరి తిండి మాత్రం అక్కర్లేదమ్మా. ఐసీఎంఆర్ (మన దేశ వైద్య పరిశోధన మండలి) చెప్పేది రోజుకు 350 క్యాలరీలు అదనం. గ్లాసు పాలు, ఉడికించిన గుడ్డు, అరటిపండు తింటే దాదాపు వచ్చేస్తాయి. అలాగని పస్తులూ వద్దు. పెరిగిందంతా కొవ్వు కాదు, అందులో బిడ్డ, మాయ, ఉమ్మనీరు, రక్తం అన్నీ ఉన్నాయి. ఉన్నట్టుండి బరువు పెరిగి, ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి వస్తే మాత్రం ఆ రోజే బీపీ చూపించుకోండి.

ఆరోనెల: టెస్టు ఇంకా అవలేదు, సోమవారం వెళ్తున్నా. ఏ పట్టిక చూసి చెప్పారో డాక్టరుగారినే అడుగుతా. ఇదంతా అత్తయ్యకు చదివి వినిపించాను. ఇవాళ రెండో గరిటె బదులు గుడ్డు పెట్టారు.